పచ్చదనం పోయింది, ఎరుపు మిగిలింది: హానికర శైవలాల వడపోతపై ఒక తరగతి గది కేస్ స్టడీ

ఎనిమిదో తరగతి పిల్లలు ప్లాస్టిక్ సీసాతో చేసుకున్న ఫిల్టర్‌లోంచి నీళ్లు చుక్కచుక్కగా దిగుతున్నాయి. పైన పోసినవి చిక్కటి పచ్చనీళ్లు, కింద బీకరులో చేరినవి తేటనీళ్లు. ఒక పిల్లాడు ఆ బీకరు ఎత్తి నోటి దగ్గరికి తెచ్చాడు. నేను రెండు బల్లల అవతల ఉన్నాను. గట్టిగా కేక వేశాను. వాడు ఉలిక్కిపడి బీకరు దించేసి, "తేటగానే ఉన్నాయి కదా టీచర్?" అన్నాడు.

వాడు చేసిన తప్పేమీ లేదు. ఆ గంటసేపూ నేను నేర్పింది అదే. మసక నీళ్లు పొయ్యండి, గులకరాళ్లు, ఇసుక, బొగ్గు వరసగా పేర్చండి, తేటనీళ్లు పట్టండి, ఎవరి నీళ్లు ఎక్కువ తేటగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. దాదాపు ప్రతి బడిలోనూ జరిగే ప్రయోగం ఇది. మట్టినీళ్ల వరకూ దానితో పెద్ద చిక్కు లేదు. కానీ ఆ రోజు నేను తీసుకున్నది మట్టినీళ్లు కాదు, ఎండలో చాలా రోజులు నిలవున్న తొట్టిలోని పచ్చనీళ్లు. అందులో ఏ శైవలం పెరిగిందో నేను పరీక్షించలేదు. అది నా పొరపాటు. ఆ సాయంత్రం నుంచే ఈ పాఠాన్ని మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. తర్వాతి రెండు విడతల్లో ఏం మార్చానో, ఎక్కడ దెబ్బతిన్నానో, పిల్లలకు ఏం అందిందో ఇక్కడ రాస్తున్నాను.

అసలు దేన్ని వడకడుతున్నాం?

పాఠ్యపుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అని చదువుకున్నవే ఇక్కడ ప్రధాన ముద్దాయిలు. పేరులో శైవలం ఉన్నా అవి బ్యాక్టీరియాలు. కణంలో నిజకేంద్రకం ఉండదు. అందుకే సయనోబాక్టీరియా అంటారు. ఫాస్ఫరస్, నైట్రోజన్ ఎక్కువగా చేరిన నిలవనీటిలో వెచ్చటి రోజుల్లో ఇవి విపరీతంగా పెరిగి, పైన పచ్చరంగు పోసినట్టు తెట్టు కడతాయి. వీటిలో కొన్ని రకాలు విషాలు తయారుచేస్తాయి. మైక్రోసిస్టిస్ అనే రకం చేసే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ప్రతి తెట్టూ విషపూరితం కాదు, కానీ ఏది విషమో ఏది కాదో కంటితో చూసి చెప్పలేం.

పాఠానికి కీలకమైన సంగతి ఇంకొకటి ఉంది. కణం ఆరోగ్యంగా ఉన్నంతవరకూ మైక్రోసిస్టిన్ చాలావరకు దాని లోపలే ఉంటుంది. కణం చచ్చి పగిలితే నీటిలోకి వచ్చేస్తుంది. అంటే ఒకే నీటిలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి: నీటిలో తేలాడే కణాలు, నీటిలో కరిగిపోయిన విషం. మొదటిది వడపోతకు చిక్కుతుంది, రెండోది చిక్కదు. మామూలు సీసా ప్రయోగంలో రెండో సమస్యే లేదు. ఆ పిల్లాడు బీకరు ఎత్తడానికి కారణం అదే.

అందుకని కొత్త పాఠానికి ఒక్క లక్ష్యం పెట్టుకున్నాను. వడకట్టాక నీళ్లు తేటగా ఉండాలి, అయినా ఇంకా పాడైనవేనని పిల్లలకు కళ్లారా కనబడాలి. నేను నోటితో హెచ్చరించడం కాదు, బీకరే చెప్పాలి.

నమూనా నీళ్లు

అసలైన తెట్టు తరగతిలోకి తేకూడదు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. ఆ నీళ్లు చర్మానికి తగిలినా దద్దుర్లు రావచ్చు, కుదిపితే లేచే తుంపర్లు ఊపిరితో లోపలికి పోవచ్చు. కణాలకు బదులు స్పైరులినా పొడి వాడాను. అది కూడా సయనోబాక్టీరియమే కాబట్టి పోలిక మరీ దూరం పోదు. లీటరు చల్లటి నీటికి అర చెంచా పొడి వేసి కలిపితే చూడటానికి అచ్చం పాచినీళ్లే. ఆహారంగా అమ్మే పొడే అయినా ప్రయోగశాలలోకి వచ్చాక దేన్నీ రుచి చూడటం ఉండదు. ప్రతి పాత్ర మీదా "తాగరాదు" అని పిల్లల చేతే రాయించాను.

కరిగిన విషానికి బదులు ఒక రంగు కావాలి. ప్రయోగశాలలో మిథిలీన్ బ్లూ ఎలాగూ ఉంది. ఉల్లిపొర కణాలు చూపించేటప్పుడు వాడేదే. దాన్నే కొన్ని చుక్కలు కలిపాను. బొగ్గు రంగులను ఎలా పట్టుకుంటుందో చూపించడానికి చాలాచోట్ల వాడే రంగు అది, కాబట్టి ఎంపిక సరైనదే అనుకున్నాను.

మొదటి విడత: అబద్ధం చెప్పిన నీలం

ఆరు జట్లు. మూడు జట్లకు దూది, ఇసుక, గులకరాళ్లు ఇచ్చాను. మిగతా మూడింటికి వాటితోపాటు యాక్టివేటెడ్ కార్బన్ (లోపల సన్నటి రంధ్రాలు తెరుచుకునేలా తయారుచేసిన బొగ్గు) గుళికలు. నేను ఊహించిన ఫలితం ఇది: కార్బన్ లేని సీసాల్లోంచి తేటగానే ఉన్నా నీలంగా ఉండే నీళ్లు వస్తాయి, కార్బన్ ఉన్నవాటి నుంచి రంగులేని నీళ్లు వస్తాయి, పిల్లలు తేడా చూస్తారు, పాఠం పూర్తవుతుంది.

ఆరు సీసాల్లోంచీ రంగులేని నీళ్లే వచ్చాయి.

ఇసుకే విషాన్ని తీసేసిందని పిల్లలు సంతోషంగా రాసుకున్నారు. నేను ఆ గంటలో ఏమీ అనలేకపోయాను. ఎందుకు అలా అయిందో నాకే అర్థం కాలేదు. "రేపు మళ్లీ చూద్దాం, ఇంకా ముగించవద్దు" అన్నాను. ఏం చేయాలో తోచక అన్న మాట అది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, ఆ గంటలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

సీసాలు విప్పి కడుగుతున్నప్పుడు ఒక అమ్మాయి దూది తెచ్చి చూపించింది. ముదురు నీలం. "టీచర్, విషం ఎక్కడికీ పోలేదు, ఇందులోనే ఉంది" అంది. ఆ మాట పట్టుకుని మర్నాడు ఒక్కో పొరనూ విడదీసి పరీక్షించాం. ఒక గరాటులో దూది మాత్రమే, ఒకదానిలో కడిగిన ఇసుక మాత్రమే, ఒకదానిలో వడపోత కాగితం మాత్రమే. పచ్చపొడి లేకుండా మిథిలీన్ బ్లూ నీళ్లు మాత్రమే పోశాం. ఇంకో గ్లాసులో స్పైరులినా, రంగు కలిపి కదపకుండా వదిలేశాం.

దూది నీలాన్ని తాగేసింది. ఇసుక కొంత పట్టుకుంది. గ్లాసులో అడుక్కి దిగిన స్పైరులినా మడ్డి నీలంగా మారి, పైనీళ్లు పలచబడ్డాయి. ఒక్క దొంగ ఉన్నాడనుకుంటే ముగ్గురు తేలారు.

కారణం విద్యుదావేశం. మిథిలీన్ బ్లూ నీటిలో ధనావేశం ఉన్న అయాన్‌గా ఉంటుంది. ఇసుక రేణువుల ఉపరితలం, దూదిలోని సెల్యులోజ్, కణాల గోడలు మామూలు నీటిలో రుణావేశంతో ఉంటాయి. అందుకే రంగు వాటికి అతుక్కుంటుంది. సూక్ష్మదర్శిని కింద కణాలకు ఆ రంగు వేసేదే అవి దాన్ని పట్టుకుంటాయని. ఇన్నేళ్లుగా ఆ పనికి వాడుతూ కూడా నాకు ఈ సంబంధం తట్టలేదు.

ఇక మైక్రోసిస్టిన్ సంగతి. దానిలో ఎక్కువగా కనబడే రకం మైక్రోసిస్టిన్-ఎల్ఆర్. మామూలు నీటిలో దాని అణువు మీద మొత్తంగా చూస్తే రుణావేశమే. అంటే నేను ఎంచుకున్న రంగు విషానికి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తించేది. ఇసుక విషాన్ని తీసేస్తుందని ప్రయోగమే చెప్పింది, నేను చెప్పించాను. తొట్టినీళ్ల పాఠం కంటే ఇది ప్రమాదకరం. అక్కడ విషం ప్రస్తావనే లేదు. ఇక్కడ విషం ఉంది, అది పోయిందన్న భరోసా కూడా ఉంది.

ఈ ప్రయోగం చేయబోయే ఉపాధ్యాయులకు నేను చెప్పదలిచిన ముఖ్యమైన మాట ఇదే: నమూనాగా వాడే రంగును ముందు ఒక్కో పొర మీదా విడిగా పోసి చూడండి. అది అరగంట పని.

రెండో విడత: ఎరుపు

ఈసారి ఎరుపు ఫుడ్ కలర్ తీసుకున్నాను. ఆహారంలో వాడే ఎరుపు రంగులు చాలావరకు నీటిలో రుణావేశంతో ఉంటాయి. ముందుగా నేనొక్కదాన్నే కూర్చుని దూది మీద, ఇసుక మీద, కాగితం మీద విడివిడిగా పోసి చూశాను. మూడింటిలోంచీ ఎరుపు ఎర్రగానే దిగింది. కార్బన్ మీద పోస్తే రంగు పోయింది. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

ఇసుకను కడగడం విసుగు పుట్టించే పని. కడిగిన నీళ్లు తేటపడేదాకా ఆరేడుసార్లు కడగాల్సి వచ్చింది. ఇసుకలో బంకమన్ను మిగిలితే ఫలితం చెడుతుంది. కార్బన్ గుళికలనూ కడగాలి, లేకపోతే వాటి నల్లటి పొడి కిందికి దిగి పిల్లలు దాన్ని ఇంకో మాలిన్యం అనుకుంటారు.

స్పైరులినా పచ్చ, ఫుడ్ కలర్ ఎరుపు కలిసి బురదరంగు నీళ్లు తయారయ్యాయి. కార్బన్ లేని జట్ల బీకర్లలోకి దిగినవి మాత్రం మెరిసే ఎరుపు. కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు నీళ్లలోంచి స్పష్టంగా చదవగలిగేంత తేట. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. బీకరు ఎత్తి వెలుతురుకు పెట్టి చూసిన పిల్లాడు, "మసక పోయింది, రంగు పోలేదు" అన్నాడు. ఆ రెండు మాటలూ వేర్వేరని వాడంతట వాడే పట్టుకున్నాడు. నాకు కావలసింది అదే.

నమోదు పట్టిక కూడా అందుకు తగ్గట్టు మార్చాను. పాత పట్టికలో "నీరు ఎంత శుభ్రపడింది?" అని ఒకే గడి ఉండేది. ఇప్పుడు రెండు గడులు. మసక కొలవడానికి పొడవాటి గాజు గొట్టం కింద నల్లటి గుణకారం గుర్తు పెట్టి, ఎంత ఎత్తు వరకు నీళ్లు పోస్తే గుర్తు మాయమవుతుందో చూశారు. రంగు కొలవడానికి తెలిసిన పాళ్లలో పలచన చేసిన ఐదు పరీక్షనాళికల వరస పెట్టుకుని, తమ నీళ్లు దేనికి సరిపోతాయో పోల్చారు. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. ఈ పాఠంలో నేను చేసిన మార్పుల్లో బాగా ఫలించినది ఏదంటే ఈ రెండు గడులనే అంటాను.

కార్బన్ ఇచ్చిన జట్లలోనూ ఫలితాలు ఒకలా లేవు. ఒక జట్టు నీళ్లు పూర్తిగా రంగులేకుండా వచ్చాయి. రెండో జట్టువి గులాబీ రంగులో. ఇద్దరికీ ఇచ్చిన కార్బన్ ఒకే కొలత. ఎందుకని వాళ్లనే వెతకమన్నాను. రెండో జట్టు తొందరపడి మూత రంధ్రం పెద్దది చేసుకుంది, నీళ్లు గబగబా కారిపోయాయి. రంధ్రం సగం మూసి మళ్లీ పోస్తే గులాబీ బాగా తగ్గింది. కార్బన్‌కు పట్టుకునే గుణం ఉంటే చాలదు, పట్టుకునేంత సేపు నీళ్లు దాని పక్కన ఉండాలి. నీటిశుద్ధి కేంద్రాల్లో ఇంజనీర్లు లెక్కగట్టే విషయమే అది. ఇక్కడ ఒక మూత రంధ్రం దాన్ని నేర్పింది.

మూడో జట్టుకు నేను కావాలనే మామూలు కట్టెబొగ్గు ముక్కలు ఇచ్చాను. చాలా సీసా ప్రయోగాల్లో వాడేది అదే. ఎరుపు పెద్దగా తగ్గలేదు. యాక్టివేటెడ్ కార్బన్‌లో లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఒక్క గ్రాము లోపలి ఉపరితలం అంతా పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు వస్తుంది. కట్టెబొగ్గులో ఆ రంధ్రాలు అంతగా తెరుచుకుని ఉండవు. "నలుపు ఒకటే కానీ పని ఒకటి కాదు" అని ఆ జట్టు తమ పట్టిక కింద రాసుకుంది.

ఇసుక జల్లెడ కాదు

పచ్చటి కణాలను ఇసుక ఎలా ఆపింది? పిల్లలందరూ ఒకటే జవాబు చెప్పారు: ఇసుక సందులు చిన్నవి, కణాలు పెద్దవి. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను. లెక్క వేసి చూస్తే అది నిలవదు.

అర మిల్లీమీటరు ఇసుక రేణువులు గుండ్రంగా ఉండి దగ్గరగా పేర్చుకున్నాయనుకుందాం. వాటి మధ్య అతి ఇరుకైన సందులోంచి సుమారు 75 మైక్రోమీటర్ల గుండు దూరిపోతుంది. మైక్రోసిస్టిస్ కణం 5 మైక్రోమీటర్లు ఉంటుందేమో. అన్నింటినీ వెయ్యి రెట్లు పెంచితే కణం మిరియపు గింజంత, ఇసుక రేణువు అర మీటరు బండరాయంత, సందు ఏడెనిమిది సెంటీమీటర్ల కన్నమంత అవుతుంది. ఆ కన్నంలో మిరియపు గింజ ఎందుకు ఇరుక్కోవాలి?

ఇరుక్కోదు, అతుక్కుంటుంది. నీళ్లు ఇసుక మధ్య వంకరటింకరగా పోతుంటే కణాలు రేణువులకు తగులుతూ, కొన్ని అంటుకుంటూ పోతాయి. గుంపులుగా ఉన్నవీ, పోగుల్లా పొడవుగా ఉన్నవీ ఇంకా తేలిగ్గా చిక్కుతాయి. అందుకే మొదట దిగిన నీళ్లు పచ్చగా ఉండి, తర్వాత తేటపడటం పిల్లలు గమనించారు. అప్పటికి ఇసుకలో చిక్కిన మడ్డే తర్వాతి మడ్డిని ఆపుతోంది. పటిక వాడటానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. చిటికెడు పటిక వేసి ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపిన జట్టు నీళ్లలో పచ్చటి పొడి పీచుల్లా కలిసి కిందికి దిగింది. తేర్చి వడకట్టాక వాళ్ల నీళ్లే అందరికంటే తేట. ఎరుపు మాత్రం దాదాపు అలాగే ఉంది.

వెయ్యి రెట్లు పెంచిన ఆ లోకంలో విషం అణువు ఎంత ఉంటుందని ఒకరు అడిగారు. అసలు అణువు రెండు నానోమీటర్ల ప్రాంతం. వెయ్యి రెట్లు పెంచినా రెండు మైక్రోమీటర్లే, ఇంకా కంటికి కనబడదు. బల్ల మీద పెట్టిన మిరియపు గింజ వైపు చూస్తూ ఆ పిల్లలు చాలాసేపు ఉండిపోయారు.

రాత్రంతా నానిన సీసా

రెండో రోజుకు అనుకోకుండా ఒక మంచి పాఠం దొరికింది. ఎరుపు కలపని స్పైరులినా నీళ్లు ఒక సీసాలో రాత్రంతా ఉండిపోయాయి. పొద్దున కాగితంలో వడకడితే కింద తేటగా, నీలంగా నీళ్లు దిగాయి. అది స్పైరులినా లోపల ఉండే ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకం. ఆ పొడి ఎండబెట్టిన కణాలది కాబట్టి గోడలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి, నానేకొద్దీ నీలం బయటికి వస్తుంది. అప్పటికప్పుడు కలిపి వెంటనే వడకట్టిన నీళ్లతో పోల్చితే తేడా ఇట్టే తెలిసింది.

లోపలిది బయటికి వచ్చాక వడపోత ఏమీ చేయలేదు. దీన్ని చూపించడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు. అప్పుడే పిల్లలకు పామ్ ఐలాండ్ సంగతి చెప్పాను. 1979లో ఆస్ట్రేలియాలోని ఆ దీవిలో తాగునీటి జలాశయంలో శైవలాలు పెరిగాయి. వాటిని చంపడానికి కాపర్ సల్ఫేట్ వేశారు. కొద్ది రోజుల్లోనే 148 మంది కాలేయం వాపుతో, కిడ్నీ సమస్యలతో జబ్బుపడ్డారు, వాళ్లలో అత్యధికులు పిల్లలు. కారణం తర్వాత తేలింది: జలాశయంలోని సయనోబాక్టీరియా చచ్చి, వాటి లోపలి విషం నీటిలో కలిసింది. "చంపకుండా పట్టుకోవాలా అయితే?" అని ఒక అమ్మాయి అడిగింది. నిజంగానే నీటిశుద్ధిలో వరస అదే. ముందు కణాలను పగలకుండా తీసేయాలి. మిగిలిన కరిగిన విషాన్ని ఆ తర్వాత కార్బన్‌తో గానీ, ఓజోన్‌తో గానీ, తగినంతసేపు క్లోరిన్‌తో గానీ ఎదుర్కోవాలి. పచ్చటి నీళ్లలో నేరుగా క్లోరిన్ పోస్తే కణాలు పగులుతాయి.

మరగబెడితే?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, రావాలి కూడా. మరగబెడితే రోగక్రిములు చస్తాయని పిల్లలకు తెలుసు. మైక్రోసిస్టిన్ మరిగినా చెక్కుచెదరదు. పైగా కణాలు పగులుతాయి, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో విషం చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయినీటిలో మైక్రోసిస్టిన్ పరిమితి దాటినప్పుడు, 4 లక్షలకు పైగా జనానికి ఆ నీళ్లు తాగవద్దని, మరగబెట్టవద్దని కూడా చెప్పారు.

చూపించడానికి ఎర్రనీళ్లను సగానికి మరిగించాను. ఎరుపు ముదిరింది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ప్రదర్శనకు స్పైరులినా నీలం వాడకండి. ఫైకోసయనిన్ ప్రోటీన్ కాబట్టి వేడికి విరిగి రంగు పోతుంది. మరిగిస్తే విషం పోతుందని పిల్లలు తేల్చేసుకుంటారు. మిథిలీన్ బ్లూతో ఒకసారి కాలింది గనుక ఇది ముందే పరీక్షించుకున్నాను.

రంగు కనబడకపోతే?

కార్బన్ జట్టు బీకరులో రంగు లేదు. అయితే ఇక తాగొచ్చా? మొదటి ఏడాది బీకరు ఎత్తిన పిల్లాడి ప్రశ్నే ఇంకో మెట్టు పైన నిలబడింది. ఇక్కడ పాఠం ఆపేసి ఉంటే "తేటగా ఉంటే మంచివి" అన్నచోట "తేటగా, రంగు లేకుండా ఉంటే మంచివి" అని నేర్పినట్టు అయ్యేది.

అందుకని ఎర్రనీళ్లను పదో వంతుకు, అందులోంచి మళ్లీ పదో వంతుకు, ఇలా పలచన చేస్తూ పోయారు. నాలుగో నాళికకు వచ్చేసరికి ఎవరికీ ఎరుపు కనబడలేదు. అందులో రంగు ఉందని అందరికీ తెలుసు, వేసింది వాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో జీవితకాల వాడకానికి మైక్రోసిస్టిన్-ఎల్ఆర్‌కు సూచించే పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. అదెంతో లెక్క కట్టమన్నాను. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున్న ఈతకొలనులో 25 లక్షల లీటర్లు పడతాయి. అందులో రెండున్నర గ్రాములు కలిపితే ఆ పరిమితికి చేరినట్టే. రెండున్నర గ్రాములు ఎంతో తూచి, కాగితం మీద ఉప్పు పోసి చూపించారు. వెనక వరసలోంచి "ఇంతేనా?" అని వినబడింది.

పరికరాలు, పరీక్షలు ఎందుకు కావాలో ఆ తర్వాత నేను వివరించాల్సిన అవసరం రాలేదు.

ఏం అందింది, ఏం అందలేదు

పాఠానికి ముందూ, పది రోజుల తర్వాతా ఒకే ప్రశ్న ఇచ్చాను. బొమ్మలో మూడు బీకర్లు: పచ్చటిది, ఎర్రటి తేటది, రంగులేనిది. "తాగదగిన నీళ్లు ఏవి? నీకు ఎలా తెలుసు?" ముందు దాదాపు అందరూ రంగులేనిది అని రాసి, కారణం "శుభ్రంగా ఉంది" అన్నారు. తర్వాత ఎక్కువమంది జవాబు మారింది. "చూస్తే తెలియదు, అందులో ఏముందో పరీక్షించాలి" అన్న మాట రకరకాల పదాల్లో వచ్చింది. నాకు బాగా నచ్చిన జవాబు ఒక ప్రశ్న: "ఏ నీళ్లలోంచి తీశారో చెప్పకుండా ఎలా చెప్పాలి?"

అందరికీ అందలేదు. కార్బన్ పెడితే ఏ నీళ్లయినా తాగొచ్చని రాసినవాళ్లు కొందరున్నారు. కార్బన్ నిండిపోతుందన్న సంగతి నేను మాటల్లో చెప్పి దాటేశాను, చూపించలేదు. చూపించని చోటే తప్పు మిగిలింది.

నమూనాకూ నిజానికీ మధ్య ఇంకో పెద్ద తేడా పిల్లల సూచనల్లో బయటపడింది. "రాత్రంతా కదపకుండా పెట్టి పైనీళ్లు వంపుకుంటే సరి" అని రెండు జట్లు రాశాయి. స్పైరులినా పొడికి అది నిజం. మైక్రోసిస్టిస్‌కు తలకిందులు. దాని కణాల్లో సన్నటి వాయుకోశాలు ఉంటాయి, అందుకే పైకి తేలి తెట్టు కడుతుంది. పైనీళ్లే అన్నింటికంటే ప్రమాదం. బుడగలు పంపి మడ్డిని పైకి తేల్చి తీసేసే పద్ధతి కొన్ని శుద్ధి కేంద్రాల్లో వాడేది కూడా ఆ తేలే గుణం వల్లే. దీన్ని తరగతిలో చూపించే తేలిక నమూనా నాకింకా దొరకలేదు.

ఒక పిల్లాడు ఇసుక పక్షాన వాదించాడు. ఇసుక ఎప్పటికీ విషాన్ని తీయలేదా అని. అది మంచి వాదన. నెమ్మది ఇసుక ఫిల్టర్లలో నీరు గంటకు 10 నుంచి 30 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. కొన్ని వారాలకు ఇసుక పైన జీవమున్న పొర ఒకటి ఏర్పడుతుంది. అందులోని బ్యాక్టీరియాలో కొన్ని మైక్రోసిస్టిన్‌ను విరగ్గొట్టగలవు. మా సీసాలో నీళ్లు నిమిషంలో జానెడు దిగిపోయాయి, ఇసుక ఆ పొద్దున కడిగినది. రెండింటినీ ఇసుక ఫిల్టర్ అనే అంటాం, కానీ ఒకటి బతికున్నది.

కార్బన్ నిండిపోవడం చూపించాలన్న లోటు మాత్రం నన్ను వదల్లేదు. ఆఖరి గంటలో వాడిన కార్బన్ పారేయబోతుంటే మొదటి ఏడాది బీకరు ఎత్తిన పిల్లాడి చెల్లెలు, ఇప్పుడు ఈ తరగతిలోనే ఉంది, "ఎరుపంతా ఇందులోకి పోయింది కదా టీచర్, మళ్లీ బయటికి రాదా?" అని అడిగింది. ఏ జట్టు కార్బన్ మీదుగా ఎక్కువ ఎర్రనీళ్లు పోయాయో ఆ కార్బన్‌ను ఒక గ్లాసులో వేసి మంచినీళ్లు పోశాం. పక్కన ఇంకో గ్లాసులో కొత్త కార్బన్, అంతే నీళ్లు. రెండింటి మీదా చీటీలు అంటించి శనివారం సాయంత్రం తలుపు వేశాం. సోమవారం పొద్దున రెండు గ్లాసుల వెనకా తెల్లకాగితం పెట్టి చూశాం. కొత్త కార్బన్ గ్లాసులో నీళ్లకు రంగు లేదు. వాడిన దానిలో లేత గులాబీ.